నిప్పు పెట్టే అగ్నిమాపకులు

ఆ సినిమా మొదలైనప్పుడు తెరమీద పేర్లు పడవు. ఇళ్ళ కప్పులమీది టెలివిజన్ యాంటెన్నాలు ఒకదాని తర్వాత ఒకటి కనిపిస్తూంటాయి. ఒక్కొక్క దృశ్యానికీ ఒక్కొక్క రంగు పులిమి ఉంటుంది. నటీనటుల పేర్లూ, సాంకేతిక నిపుణుల పేర్లూ, చివరికి దర్శకుని పేరూ ఒక కంఠం చదివి వినిపిస్తుంది. మొదటిసారి చూసినప్పుడు నా దగ్గరున్న డీవీడీలో ఏదో లోపముందనుకొని ఆపి, మళ్ళీ మొదటినుంచి పెట్టాను. రెండోసారీ అంతే. అప్పటికి గాని నాకు వెలగలేదు. చదవడం నేరమైన దేశపు కథ చెప్పబోతూ, ఆ గడప దగ్గరే ప్రేక్షకుని చేత అక్షరాలు చదివించడం న్యాయం కాదనుకున్నాడు దర్శకుడు.

ఫ్రాంస్వా త్రూఫో 1966లో తీసిన 'ఫారెన్‌హీట్ 451' అది. రే బ్రాడ్‌బరీ 1953లో వెలువరించిన నవలకు చిత్రరూపం. 451 అంటే కాగితం తనంతట తాను అంటుకునే ఉష్ణోగ్రత అని రచయిత చెప్పుకున్నాడు. సెంటీగ్రేడులో అది సుమారు 233. కాగితం రకాన్ని బట్టి ఈ అంకె మారుతుందని తెలిసినవాళ్ళు అంటారు గాని, ఆ పేరులోని వేడి మాత్రం తగ్గలేదు. కథ పుస్తకప్రియులకు తెలిసినదే. రాబోయే కాలంలో ఇళ్ళు అంటుకోవు, అందుచేత మంటలార్పే పని లేదు. అగ్నిమాపకదళం వారి ఉద్యోగం ఇప్పుడు దాచిన పుస్తకాలను వెదికి తగలబెట్టడం. ఆ దళంలో ఒకడైన మోంటాగ్ ఒక పుస్తకాన్ని దొంగతనంగా ఇంటికి తెచ్చుకుంటాడు.

ఇక్కడ ఒక భాషాసంబంధమైన చిక్కు చెప్పాలి. ఇంగ్లీషులో ఆ ఉద్యోగిని 'ఫైర్‌మన్' అంటారు, అంటే నిప్పుమనిషి. ఆర్పేవాడో అంటించేవాడో ఆ మాటలో తేలదు. బ్రాడ్‌బరీ కథంతా ఆ ఒక్క సందిగ్ధం మీద నిలబడింది. మన 'అగ్నిమాపకుడు'లో ఆ సౌలభ్యం లేదు. మాపడమనే పని మాటలోనే ఉంది. త్రూఫో మాతృభాషలోనూ లేదు, ఫ్రెంచిలో అతను 'పోంపియే', నీళ్ళు తోడే పంపు మనిషి. ఇంగ్లీషు అంతంతమాత్రంగా వచ్చిన త్రూఫో, ఇంగ్లీషు మాటలోని చమత్కారం మీద కట్టిన కథను, తన జీవితంలో తీసిన ఏకైక ఇంగ్లీషు చిత్రంగా మలిచాడు. అతని మొదటి రంగుల చిత్రం కూడా అదే.

నవల పుట్టుక ముచ్చటైనది. ఇంట్లో పిల్లలతో పని సాగక, బ్రాడ్‌బరీ లాస్ ఏంజెలెస్‌లోని విశ్వవిద్యాలయ గ్రంథాలయం నేలమాళిగలో అద్దె టైపుమిషన్లున్నాయని కనుక్కున్నాడు. అరగంటకు 10 సెంట్లు. నాణెం వేస్తే మిషను కదులుతుంది, గడువు తీరగానే ఆగిపోతుంది. తొమ్మిది రోజుల్లో 9 డాలర్ల 80 సెంట్లు ఖర్చు పెట్టి 'ది ఫైర్‌మన్' అనే పెద్ద కథ పూర్తి చేశాడు. లెక్క వేసి చూస్తే 49 గంటలు. పైన అంతస్తుల నిండా పుస్తకాలు, కింద నాణేల చప్పుడు, మధ్యలో పుస్తకాలను కాల్చే మనుషుల కథ. అది 1951 ఫిబ్రవరి 'గెలాక్సీ' పత్రికలో వచ్చింది. తర్వాత దానినే రెండింతలుగా పెంచి నవల చేశాడు. 200 ప్రతులకు నిప్పంటని ఆస్బెస్టాస్ అట్ట వేసి అమ్మారు కూడా. పుస్తకాల వాళ్ళకు కూడా అప్పుడప్పుడు హాస్యం తెలుసు.

ఆ కాలం ఎలాంటిదో గుర్తు చేసుకోవాలి. 1933 మే 10న బెర్లిన్ నడిబొడ్డున విద్యార్థులు పుస్తకాలను మంటల్లోకి విసిరిన చిత్రాలు అప్పటికి ఇరవై యేళ్ళనాటివి మాత్రమే. బ్రాడ్‌బరీ కుర్రవాడుగా వాటిని చూసి కలవరపడ్డాడు. ఇటు అమెరికాలో మెకార్థీ రోజులు. 1953లో, నవల అచ్చయిన సంవత్సరంలోనే, విదేశాల్లో అమెరికా ప్రభుత్వం నడిపే గ్రంథాలయాల నుంచి కమ్యూనిస్టు వాసన వేసిన పుస్తకాలను తీసేయించారు; కొన్నింటిని నిజంగానే కాల్చారు. ఆ జూన్‌లో డార్ట్‌మత్ కళాశాల స్నాతకోత్సవంలో అధ్యక్షుడు ఐజన్‌హోవరే పుస్తకాలు కాల్చేవారితో చేరవద్దని పట్టభద్రులకు చెప్పవలసి వచ్చింది. కనుక బ్రాడ్‌బరీ రాసినది భవిష్యత్తు గురించి అనుకోవడం మన అమాయకత్వం.

త్రూఫోకు సైన్సు ఫిక్షనంటే ప్రీతి లేదు. పుస్తకమంటే ప్రాణం. 1932లో పుట్టి, ఇంట్లో ఎవరికీ అక్కరలేని పిల్లవాడుగా పెరిగి, బడి ఎగ్గొట్టి సినిమా హాళ్ళలోనూ బాల్జాక్ నవలల్లోనూ తలదాచుకున్నవాడు. 1959లో తీసిన మొదటి చిత్రం 'నాలుగువందల దెబ్బలు'లో ఒక సన్నివేశం ఉంది. కుర్రవాడు బాల్జాక్ పటం ముందు కొవ్వొత్తి వెలిగిస్తాడు, దేవుడికి దీపం పెట్టినట్టు. కొంతసేపటికి అక్కడున్న తెర అంటుకుని ఇల్లంతా పొగ. పుస్తకమూ నిప్పూ అతని సినిమాలో అంత ముందే పక్కపక్కన కూర్చున్నాయి. కాబట్టి 1960 ప్రాంతంలో ఎవరో మాటల మధ్య బ్రాడ్‌బరీ కథ చెప్పగానే అతను పట్టుబట్టడంలో వింత లేదు. డబ్బు కుదరడానికే ఏళ్ళు పట్టింది. ఆ ఎదురుచూపుల కాలంలో, 1962లో, హిచ్‌కాక్ ఎదుట కూర్చుని అతని సినిమాల గురించి రోజుల తరబడి ప్రశ్నలడిగి ఒక మహాగ్రంథానికి సరంజామా సమకూర్చుకున్నాడు. హిచ్‌కాక్ సంగీత దర్శకుడు బెర్నార్డ్ హెర్మన్‌నే ఈ చిత్రానికీ పిలిచాడు. ఛాయాగ్రహణం నికొలాస్ రోగ్, తర్వాత తానే పేరున్న దర్శకుడయ్యాడు.

చిత్రీకరణ లండన్ దగ్గరి పైన్‌వుడ్ స్టూడియోలో, 1966 మొదటి నెలల్లో. మోంటాగ్‌గా ఆస్ట్రియా నటుడు ఓస్కార్ వెర్నర్. 'జూల్ ఎ జిమ్'లో అతనికీ త్రూఫోకూ అన్నదమ్ముల పొత్తు. ఈ సినిమాలో అది పగగా మారింది. వెర్నర్‌కు మోంటాగ్ కఠినుడుగా, వీరుడుగా కనిపించాలని. త్రూఫోకు, నిద్రలో నడిచే పసివాడులా కనిపించాలని. చివరి దృశ్యాల ముందు వెర్నర్ జుట్టు కత్తిరించుకొని వచ్చాడు, దృశ్యానికీ దృశ్యానికీ పొంతన కుదరకుండా చేయడానికి. త్రూఫో ఆ రోజుల్లో రాసుకున్న దినచర్యను తాను పెరిగిన 'కాయే ద్యు సినెమా' పత్రికలో అచ్చు వేయించాడు. ఆ విభేదం దానిలో దాపరికం లేకుండా ఉంది. ఒక సంగతి మాత్రం నాకు బాధ కలిగించింది. వెర్నర్ 1944 చివర హిట్లర్ సైన్యం నుంచి పారిపోయి, భార్యాబిడ్డలతో వియన్నా అడవుల్లో దాక్కున్నవాడు. త్రూఫో కూడా పడుచుతనంలో ఫ్రెంచి సైన్యం నుంచి పారిపోయి చెరసాలలో ఉన్నవాడే. పారిపోయిన ఇద్దరు సైనికులు కలిసి, దళాన్ని వదిలి అడవిలోకి పారిపోయే మనిషి కథ తీస్తూ, ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు. 1984 అక్టోబరులో ఇద్దరూ రెండు రోజుల తేడాలో మరణించారు, 21న త్రూఫో, 23న వెర్నర్.

నవల చదివి సినిమా చూసినవారు చాలామంది పెదవి విరుస్తారు. విరవడానికి కారణాలున్నాయి. నవలలో నగరంమీద బాంబులు పడి ఆ నాగరికత బూడిదవుతుంది. సినిమాలో యుద్ధమే లేదు. పుస్తకాల దొంగలను వాసన పట్టే ఎనిమిది కాళ్ళ యంత్రపు కుక్క లేదు. మోంటాగ్‌కు దారి చూపే వృద్ధ ఆచార్యుడు ఫేబర్ లేడు. నవలలో మాయమై చనిపోయిందనుకున్న క్లారిస్ సినిమాలో బతికి అడవి చేరుతుంది. భార్యగానూ క్లారిస్‌గానూ ఒకే నటి, జూలీ క్రిస్టీ. గాలిలో ఎగిరే పోలీసులు తీగల మీద వేలాడుతున్నారని పసివాడికీ తెలుస్తుంది. సంభాషణలు ఎవరో అనువదించి ఇచ్చినట్టు బిగుసుకొని ఉంటాయి. తన పర్యవేక్షణలో తయారైన ఫ్రెంచి డబ్బింగే మేలని త్రూఫో భావించాడంటే ఇక చెప్పేదేముంది?

అయినా ఈ సినిమాను నేను వదలలేకపోతున్నాను, ఎందుకంటే నవలలో లేనిది ఒకటి ఇందులో ఉంది. నవలలో పుస్తకం ఒక భావన. సినిమాలో అది వస్తువు. మొదటి దాడిలోనే దీపపు గిన్నెలోంచి 'డాన్ కిహోటీ' బయటపడుతుంది. తర్వాత అటకల మీద, నేలమీద, నిప్పులో, ఎన్ని పుస్తకాలో. కాలేముందు ఒక్కొక్కదాని ముఖాన్నీ కెమెరా దగ్గరగా చూస్తుంది. గాలికి డాలీ చిత్రాల పుస్తకం పుటలు ఒక్కటొక్కటే తిరగబడుతుంటే, తగలబెట్టవలసినవాడు కూడా నిలబడి చూస్తాడు. ఆ కుప్పలో త్రూఫో తన 'కాయే' పత్రికను వేశాడు, బ్రాడ్‌బరీ 'మార్షియన్ క్రానికిల్స్'నూ వేశాడు. మోంటాగ్ మొదటిసారి 'డేవిడ్ కాపర్‌ఫీల్డ్' తెరిచినప్పుడు తెల్లటి అంగీలో, టెలివిజన్ వెలుగులో కూర్చుని, అక్షరాల కింద వేలు పెట్టుకొని, ముఖపత్రం మీది ప్రకాశకుల వివరాలతో సహా గొంతెత్తి చదువుతాడు. ఏది కథో, ఏది చిరునామానో అతనికి తెలియదు. అక్షరమైతే చాలు. పెద్దవాడొకడు చదువు నేర్చుకోవడాన్ని ఇంత సిగ్గుతో, ఇంత ఆశతో చూపిన దృశ్యం నేను వేరే చూడలేదు.

మరో దృశ్యం మీద నాకు ఎన్నేళ్ళయినా తీర్పు కుదరలేదు. ఒక వృద్ధురాలి ఇంట రహస్య గ్రంథాలయం దొరుకుతుంది. సిరిల్ క్యూసాక్ నటించిన దళపతి, పుస్తకాలెందుకు కూడదో మోంటాగ్‌కు బోధిస్తాడు. ఇది చదివి వీరు నొచ్చుకుంటారు, అది చదివి వారు నొచ్చుకుంటారు, అందరూ ఒక్కలా ఉంటేనే అందరికీ సుఖం అంటాడు. అన్నింటినీ కాల్చాలి అంటున్నప్పుడు అతని చేతిలో ఉన్నది హిట్లర్ 'మైన్ కాంఫ్'. పుస్తకాలను ప్రేమించే మనవైపు చూసి, దీన్ని కూడా కాపాడతారా అని త్రూఫో అడుగుతున్నాడు. దళంవారి నల్లని దుస్తులూ, ఎన్నో చిత్రాల్లో నాజీ అధికారి వేషాలు కట్టిన ఆంటన్ డిఫ్రింగ్ ముఖమూ ఆ ప్రశ్నను ఇంకా ఇబ్బందిగా చేస్తాయి. ఆ తర్వాత వృద్ధురాలు తానే అగ్గిపుల్ల గీస్తుంది.

నవలలో ఇదే దళపతి ఉపన్యాసం ఇంకా దీర్ఘం, ఇంకా భయంకరం. ఇదంతా ప్రభుత్వం పైనుంచి రుద్దింది కాదంటాడు. ముందు జనమే చదవడం మానుకున్నారు. పుస్తకాలను కుదించారు, కుదించినవాటిని మళ్ళీ కుదించారు, ఎవరినీ నొప్పించని మాటలు మాత్రం మిగిల్చారు. నిప్పు చివరకు వచ్చింది. సినిమాలో ఈ వాదం చిక్కిపోయింది. తెరకు మంటలే అందం గనుక త్రూఫో మంటల వైపే మొగ్గాడు. అది లోపమనే నా అభిప్రాయం. ఆ లోపాన్ని చరిత్రే పూరించింది, అదీ ఎంత వెటకారంగా!

సినిమా విడుదలైన మరుసటి సంవత్సరం, 1967లో, నవల ప్రకాశకులైన బాలంటైన్ వారు ఉన్నత పాఠశాలల కోసం ప్రత్యేక ముద్రణ ఒకటి తెచ్చారు. దానిలో 75 చోట్ల మాటలు మార్చారు. తిట్లు తీసేశారు, గర్భస్రావమన్న మాట తీసేశారు. తాగినవాడిని జబ్బుమనిషిని చేశారు. బొడ్డు శుభ్రం చేసే ప్రస్తావన వస్తే, చెవులు శుభ్రం చేయించారు. రచయితకు చెప్పలేదు. పుస్తకం మీద ఎక్కడా వేయలేదు. కొన్నాళ్ళు రెండు పాఠాలూ పక్కపక్కన అమ్ముడుపోయాయి. 1973 నుంచి అసలు పాఠాన్ని ఆపేసి, అందరికీ కోసిన పాఠమే అమ్మారు. ఆరేళ్ళపాటు ఎవరూ కనిపెట్టలేదు. 1979లో సంగతి బ్రాడ్‌బరీ చెవిన పడింది. ఆయన మండిపడి అసలు పాఠాన్ని పునరుద్ధరింపజేసి, జరిగినదాని మీద చివర ఒక తీవ్రమైన వ్యాసం చేర్చాడు.

మద్రాసు ప్రభుత్వం ఉన్నవ లక్ష్మీనారాయణగారి 'మాలపల్లి'ని నిషేధించినప్పుడు, నిషేధించారన్న సంగతి దేశానికి తెలుసు. పోరాడటానికి ఒక గోడ కనిపించింది. ఇక్కడ గోడ లేదు, మంట లేదు, పొగ లేదు. పుస్తకాలను చంపడం గురించిన పుస్తకాన్ని, దానిని ప్రేమగా పిల్లలకు పంచాలనుకున్నవాళ్ళే చిన్న కత్తెరతో చెక్కుతూ పోయారు. చదివిన లక్షల పిల్లలు తాము చదివింది బ్రాడ్‌బరీనే అనుకున్నారు. నవలలోని దళపతి మాట ఇంతకంటె బాగా రుజువు కావడం కష్టం.

మరి సినిమా చూపిన మందు పనిచేస్తుందా? చివరి ఘట్టంలో నగరం వదిలి పారిపోయిన మోంటాగ్ అడవిలో పుస్తకమనుషులను కలుస్తాడు. ఒక్కొక్కరూ ఒక్కొక్క పుస్తకం కంఠస్థం చేసి, తమ పేరు వదిలి ఆ పుస్తకం పేరు పెట్టుకున్నవారు. చింపిరి బట్టలవాడు మకియవెల్లి 'ప్రిన్స్'. కవలలిద్దరు 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్' రెండు సంపుటాలు. మోంటాగ్ ఎడ్గార్ ఎలన్ పో కథలవుతాడు. పుస్తకం నోటికి వచ్చాక వారు దానిని కాల్చేస్తారు, ఎవరూ లాక్కోకుండా. ఇది కవి కల్పన అనుకుంటామేమో. సోవియట్ దేశంలో అన్నా అఖ్మతోవా 'రెక్వియం' కవితలను చిన్న కాగితం మీద రాసి, నమ్మిన స్నేహితురాలి చేత మౌనంగా చదివించి, నోటికి వచ్చిందని తెలిశాక ఆ కాగితాన్ని బూడిదపళ్ళెంలో కాల్చేది. లిదియా చుకోవ్‌స్కయా ఆ స్నేహితురాళ్ళలో ఒకతె. నదేజ్దా మాండెల్‌స్టామ్ చెరలో చచ్చిపోయిన భర్త కవిత్వాన్ని ఏళ్ళతరబడి తలలో మోసింది.

కాని అవి పద్యాలు. ఇక్కడ నాకు మా నాయనమ్మ గుర్తుకొస్తుంది. ఆమెకు అక్షరాలు రావు, గజేంద్రమోక్షం మొత్తం వచ్చు. నాకు చదువు వచ్చాక అచ్చుప్రతి పక్కన పెట్టుకొని ఆమె చేత చెప్పించుకున్నాను. ఒక పద్యంలో ఒక మాట వేరేగా ఉంది. యతి తప్పలేదు, ప్రాస చెడలేదు, అర్థం కూడా చక్కగానే ఉంది. పుస్తకంలో ఇలా ఉందంటే, "అయితే పుస్తకంలో తప్పు పడిందిరా" అంది. ఛందస్సు ఆ పద్యాన్ని పట్టుకొని ఉంది గనుక ఒక్క మాటతో పోయింది. వేదం నేర్చినవారైతే పదం, క్రమం, జట, ఘన అని మాటలను ముందుకూ వెనక్కూ తిప్పి చెప్పి, ఒక్క స్వరం జారకుండా కాపలా పెట్టుకున్నారు. డికెన్సు వచనానికి యతి లేదు, ప్రాస లేదు, ఘనపాఠం లేదు. ఒక పుస్తకానికి ఒకే మనిషి, ఆ మనిషి చెప్పిందే పాఠం. పదేళ్ళు మంచులో తిరిగాక ఆ నవలలో ఎన్ని మాటలు డికెన్సువి, ఎన్ని ఆ మనిషివి? బాలంటైన్ వారి 75 మార్పులకన్నా ఎక్కువే ఉంటాయి. అయినా మా నాయనమ్మ మార్చిన మాట మీద నాకు కోపం రాలేదు. ఈనాటికీ ఆ పద్యం నా నోట ఆమె మాటతోనే వస్తుంది. అచ్చువారి కత్తెర మీద కోపం వస్తుంది. రెండూ మార్పులే, నిజమే. ఒకటి పద్యాన్ని మోస్తూ మోస్తూ అరిగిన చోటు, మరొకటి ఎవరో నొచ్చుకుంటారన్న భయంతో ముందే కోసిన చోటు.

బ్రాడ్‌బరీ కూడా తన పుస్తకం మీద మార్పును ఒకచోట ఒప్పుకున్నాడు. తర్వాత ఆయన రాసిన నాటకంలో క్లారిస్ బతికే ఉంటుంది, త్రూఫో సినిమాలో వలెనే. నవల వాక్యాలను మాత్రం ముట్టుకోలేదు. ఎలక్ట్రానిక్ పుస్తకాలంటే గిట్టని ఆ పెద్దమనిషి 2011లో, తొంభై దాటాక, ఈ నవలను ఆ రూపంలో వెయ్యడానికి ఒప్పుకున్నాడు. గ్రంథాలయాల నుంచి జనం దాన్ని తెచ్చుకొని చదువుకొనే వీలుండాలన్న షరతు మీద. మరుసటి ఏడాది కన్నుమూశాడు.

సినిమా చివర్లో మంచు కురుస్తుంది. అది ముందుగా అనుకున్నది కాదు, షూటింగు రోజున ఆకాశం ఇచ్చింది, త్రూఫో కాదనలేదు. చెట్ల మధ్య పుస్తకమనుషులు ఎవరి భాషలో వారు గొణుక్కుంటూ అటూ ఇటూ నడుస్తూంటారు. ఒక ముసలివాడు చావుకు దగ్గరై పడుకొని, పక్కన కూర్చున్న పిల్లవాడికి తన పుస్తకాన్ని అప్పజెబుతుంటాడు. ఆయన ఒక ముక్క చెబితే వాడు ఆ ముక్క చెబుతాడు. ఆ పుస్తకం స్టీవెన్సన్ రాసిన 'వియర్ ఆఫ్ హెర్మిస్టన్'. స్టీవెన్సన్ 1894 డిసెంబరు 3 ఉదయం సమోవా దీవిలో ఆ నవలను చెబుతూ సవతికూతురి చేత రాయించాడు, సాయంత్రానికి మరణించాడు. నవల మధ్యలోనే ఆగిపోయింది. ముసలివాడు పోయాక పిల్లవాడు ఒంటరిగా మంచులో తిరుగుతూ, తనకు వచ్చినదాన్ని చెప్పుకుంటుంటాడు. రచయితే అక్కడ ఆగిపోయాడని వాడికి ఎవరైనా చెప్పారో, లేక ముసలాయన మిగతాది చెప్పకుండానే పోయాడని అనుకుంటున్నాడో.